తులసీరాం గారి సొంత వాస్తు

మా ఇంటి ఓనరు తులసీరాం గారికి వాస్తు పిచ్చి. ఈ మాట అనగానే "మా బాబాయికీ ఉందమ్మా" అంటారని తెలుసు. కానీ మీ బాబాయిది పుస్తకాల్లో ఉన్న వాస్తు. ఈశాన్యం, ఆగ్నేయం, వీధిపోటు అని దానికో లెక్క ఉంటుంది. తులసీరాం గారి వాస్తు ఏ పుస్తకంలోనూ దొరకదు. పొద్దున పళ్లు తోముకుంటూ ఆయనే కనిపెడతారు, టిఫిన్ వేళకి అమల్లో పెడతారు, మధ్యాహ్నానికల్లా కిరాయిదారుల నెత్తిన రుద్దుతారు.

ఆ కిరాయిదారులం మేమే. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఆయన ఇల్లు. కింద ఆయన, ఆయన భార్య ఆండాలమ్మ గారు. పైన నేను, మా ఆయన స్టీఫెన్. నా పేరు సంతోషి. సొంతూరు గరిడేపల్లి, ఉద్యోగం కోదాడలో ఒక బ్యాంకులో. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు తులసీరాం గారింట్లో కిరాయికి ఉండి చూడు అనడం ఎందుకో మరిచిపోయారు.

సామాను దింపిన రోజే మాకు మొదటి పాఠం అయింది. స్టీఫెన్ నెత్తిన పరుపు పెట్టుకుని గేటు దాటబోతుంటే తులసీరాం గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"ఆగు! గడప దాటే ముందట పేరు చెప్పాలె. ఎవలవో చెప్పాలె. ఎందుకొచ్చినవో చెప్పాలె. గట్టిగ చెప్పాలె."

"నిన్ననే కదా అంకుల్, వచ్చి మాట్లాడిపోయినం?"

"నిన్నటిది నిన్ననే. గడపకు రోజూ చెప్పాలె. పేరు తెల్వనోళ్లు వస్తే ఇంటికి అరిష్టం."

"అంకుల్, మేము క్రిస్టియన్సం. మాకు ఈ వాస్తు గీస్తు..."

"గాలికి మతం ఉన్నదా? వెల్తురుకు ఉన్నదా? వాస్తుకు గూడ లేదు. చెప్పు చెప్పు, పరుపు బరువైతది నీకే."

పాపం స్టీఫెన్ పరుపు కింద నుంచి, "నేను స్టీఫెన్‌ను! పైన కిరాయికి వచ్చిన! సామాను తెచ్చిన!" అని అరిచాడు. హాల్లో కుర్చీలో కూర్చున్న ఆండాలమ్మ గారు తలెత్తి, "రా బిడ్డా స్టీఫెనూ, ఎండల పడి వచ్చినవ్, మంచినీళ్లు తాగు" అన్నారు. ఎన్నాళ్లనుంచో తెలిసిన పిల్లాడిని పిలిచినట్టు పిలిచారు. ఆ ఒక్క పిలుపుకి నేను కరిగిపోయి, ఈ ముసలాయన్ని భరించవచ్చులే అనుకున్నాను.

ఈ నియమానికి ఎవరికీ మినహాయింపు లేదు. గ్యాస్ బండ తెచ్చే మల్సూర్ గేటు దగ్గరే, "నేను గ్యాస్ మల్సూర్‌ను, సిలిండర్ తెచ్చిన!" అని రైల్వే స్టేషన్ మైకులా ప్రకటించాల్సిందే. ఆఖరికి తులసీరాం గారు కూడా మూల మీది కొట్టుకు వెళ్లి వస్తే, "నేను తులసీరాంను. నీ పెనిమిటిని. కొత్తిమీర తెచ్చిన" అని చెప్పుకునే లోపలికి వచ్చేవారు. ఆండాలమ్మ గారు, "తెలుసులే, ఇయ్యి" అని అందుకునేవారు. సందులో వాళ్లంతా కిటికీల చాటున పడీ పడీ నవ్వేవారు.

తులసీరాం గారు చాలా ఏళ్లు కోదాడలో రంగుల దుకాణం నడిపారు. వాస్తు పిచ్చోడి చేతికి రంగు డబ్బాలు అందుబాటులో ఉండటం ఎంత ప్రమాదమో నాకు ఒక ఆదివారం తెలిసింది. బాత్రూం తలుపుకి పసుపు రంగు వేశారు. మామూలు పసుపు కాదు, సూర్యాపేట నుంచి చూసినా కనిపించే పసుపు. స్టోర్‌రూం తలుపునీ, దొడ్డి తలుపునీ మాత్రం గోడ రంగులోనే ముంచేశారు. గడియలతో సహా. దొడ్డి తలుపనుకుని నేనే రెండు మూడు సార్లు గోడను తోశాను.

"బాత్రూంకు పసుపేంది అంకుల్?"

"గంగమ్మ ఉండే జాగ. పసుపు లేకుంటే అలుగుతది."

"స్టోర్‌రూం ఎందుకు దాచిపెట్టిన్రు?"

"గది శనిదేవుని మూల. మనం ఆయన కంట్ల పడొద్దు, ఆయన మన కంట్ల పడొద్దు."

"లోపల కమోడు మీద ముదురు నీలం సీటు పెట్టిన్రు, అదేంది?"

"ఆకాశతత్వం" అన్నారు ఆయన, బ్రష్షు తుడుచుకుంటూ. ఆకాశం మీద కూర్చోవడమేమిటని స్టీఫెన్ వారం రోజులు నవ్వాడు.

తర్వాత అద్దాల వంతు వచ్చింది. కింద ఇంట్లో అద్దం అన్నది లేకుండా పోయింది. బీరువాకున్న నిలువుటద్దానికి రంగు కాగితం అంటించారు. ఆండాలమ్మ గారు అప్పుడప్పుడు పైకి వచ్చి కూర్చుంటారు కదా, అందుకని నా అద్దానికి కూడా పరదా తెచ్చి తగిలించారు. "అద్దం ఇంట్లకు ఒక మనిషిని ఎక్కువ తెస్తది బిడ్డా. లెక్క తప్పుతది" అన్నారు. ఏం లెక్కో, ఎవరి లెక్కో నాకు అర్థం కాలేదు.

నాకు నిజంగా ఒళ్లు మండింది మాత్రం డోర్‌మ్యాట్ విషయంలో. సూర్యాపేటలో మోజుపడి నల్లటి మెత్తటి డోర్‌మ్యాట్ కొన్నాను. మెట్ల కింద వేసిన మర్నాడే అది చెత్తబండిలో కనిపించింది. దిగి వెళ్లి గట్టిగానే అడిగాను.

"నల్లది గడప ముందట ఉంటే బాయి ఉన్నట్టే" అన్నారు ఆయన తాపీగా. "ముందట బాయి పెట్టుకొని ఎవలన్న అడుగు ముందుకేస్తరా?"

"అది బాయి కాదు అంకుల్, డోర్‌మ్యాట్!"

"నీకు డోర్‌మ్యాట్. వాస్తుకు బాయి."

ఇంక ఏం మాట్లాడతాం? ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని మెట్లెక్కాను. మర్నాడు ఆయన నేల రంగులోనే ఉన్న ఇంకో డోర్‌మ్యాట్ తెచ్చి, నాకు క్షమాపణ చెప్పి మరీ వేశారు.

ఆయన పిచ్చిని ఏ మాత్రం భరించలేని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆండాలమ్మ గారి తమ్ముడు ఉప్పలయ్య గారు. ఆయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. మిల్లు ఆడుతుండగా మాట్లాడీ మాట్లాడీ ఎక్కడైనా అదే గొంతుతో మాట్లాడతారు. అక్కంటే ప్రాణం. తల్లి పోయాక తనని పెంచింది అక్కేనని వచ్చినప్పుడల్లా చెప్పేవారు. అంత గొంతున్నా గేటు దగ్గర పేరు మాత్రం చెప్పేవారు కాదు.

"నా అక్క ఇంటికొచ్చి నా పేరు నేను చెప్పుకోవాల్నా? జరుగు బావా!"

"ఒక్కసారి చెప్పు ఉప్పలయ్యా, నీ సొమ్మేం పోతది?"

"చెప్ప. ఏం జేసుకుంటవో చేసుకో."

అప్పుడు తులసీరాం గారే ఆయన వెనకాల పరుగెత్తుతూ, "ఆండాలూ, మీ తమ్ముడు ఉప్పలయ్య! మిర్యాలగూడ నుంచి వచ్చిండు!" అని కేకేసేవారు. బామ్మర్ది ఇంకా మండిపడేవారు.

దసరాకి గొడవ ముదిరింది. మటన్ వండారు, మమ్మల్నీ పిలిచారు. అందరికీ ఎర్రటి ప్లాస్టిక్ పళ్లాల్లో వడ్డించారు. ఉప్పలయ్య గారు పళ్లెం ఎత్తి పట్టుకుని చూశారు.

"స్టీలు పళ్లాలేమైనయి బావా?"

"మెరుస్తయి. మెరిసే పళ్లెంల అన్నం కనబడది. ఎర్రదాంట్ల తెల్లన్నం మంచిగ కనబడుతది. శాస్త్రం."

"అన్నం కనబడకపోవుడేంది? దినాం లారీలకు లారీల బియ్యం చూసేటోన్ని. నాకు అన్నం కనబడదా?"

ఆయన కోపంతో సగమే తిన్నారు. స్టీఫెన్ నవ్వాపుకోలేక సగమే తిన్నాడు. ఆ రోజు మెతుకు మిగల్చకుండా కడుపునిండా తిన్నది ఆండాలమ్మ గారొక్కరే.

చేతులు కడుక్కున్నాక ఉప్పలయ్య గారు అసలు మాట బయటపెట్టారు.

"బావా, అక్క సంగతి నీకు పట్టిందా? ఫోన్ల ఒక్కటే ముచ్చట నాలుగు సార్లు అడుగుతది. అప్పట్ల లేడీస్ టైలర్ దుకాణం పెట్టి ఊరందరి కొలతలు నోటికి చెప్పిన మనిషి. ఇప్పుడు ఏం తెల్వనట్టు బీరిపోయి చూస్తది. ఎందుకైంది? నీ పిచ్చి ఆమెకు అంటుకున్నది. నేను అక్కను మా ఇంటికి తోల్కపోత."

తులసీరాం గారి దగ్గర దేనికైనా ఒక వాస్తు జవాబు ఉంటుంది. ఆ రోజు వాస్తు పేరే ఎత్తలేదు. మొహం పాలిపోయింది.

"వద్దు ఉప్పలయ్యా. మీ బిడ్డ పెండ్లికి వచ్చినప్పుడు ఏమైంది? ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని ఒక్కటే ఏడ్పు. ఆమె ఈ ఇల్లు ఇడిసి ఉండలేదు."

"ఇది ఇల్లా? ఇంకోసారి నేను వచ్చేసరికి ఇది మనుషులుండే ఇల్లు లెక్క కాకపోతే అక్కను కార్ల ఎక్కించుకొని పోత. నా తోడబుట్టింది. నువ్వు ఆపలేవు."

నాకు ఉప్పలయ్య గారి మాటే న్యాయంగా అనిపించింది. ఆండాలమ్మ గారిని తల్చుకుంటే మాత్రం బెంగగా ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతారు, తన పనులు తాను చేసుకుంటారు. ఇంకో చోట ఆమె ఎలా ఉంటారో ఊహకు అందలేదు.

నెల తిరక్కుండానే ఒక శనివారం మధ్యాహ్నం, బ్యాంకు సెలవు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. తులసీరాం గారు పైకి వచ్చారు.

"సంతోషీ, ఆంటీ పండుకున్నది. జర కింద కూసొని చూస్తుండు బిడ్డా. సూర్యాపేటల వాస్తు పని ఉన్నది, పోయొస్త."

ఆయన బస్సెక్కి ఉంటారో లేదో, సందులోకి కారొచ్చింది. ఉప్పలయ్య గారు, ఒక పెయింటరు, జగ్గయ్యపేట నుంచి తెచ్చిన అసలు సిసలు వాస్తు సిద్ధాంతి గారు దిగారు. అక్కను తీసుకుపోతే బావ ఒంటరైపోతాడని ఆయనకీ జాలి వేసిందట. ముందు ఇల్లు బాగుచేసి చూద్దామని వచ్చారు. పేర్లు ఎవరూ చెప్పలేదు.

సిద్ధాంతి గారు దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, పసుపు తలుపు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డారు.

"ఏ గ్రంథం చూసి చేశారండీ ఇదంతా? ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నాను, ఇలాంటిది ఎక్కడా లేదండీ."

"మా బావ సొంతంగ రాసిండు" అన్నారు ఉప్పలయ్య గారు కసిగా. "మీరు అసలుది చెప్పున్రి."

సిద్ధాంతి గారు చెప్పారు. పెయింటరు చేశాడు. బాత్రూం తలుపు తెల్లగా అయింది. అన్ని తలుపులూ గడియలతో సహా ఒకే తెలుపు. ఉత్తరం గోడకి పెద్ద అద్దం ఎక్కింది. గడప లోపల కొత్త నల్లటి డోర్‌మ్యాట్ పడింది. అచ్చం నేను కొన్నలాంటిదే. అందరికీ టీ పెట్టి ఇచ్చాను. ఇల్లు చూడముచ్చటగా ఉందని కూడా అన్నాను. సిద్ధాంతి గారినీ, పెయింటరునీ కారులో పంపించేసి, ఉప్పలయ్య గారు తృప్తిగా కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు ఆండాలమ్మ గారు లేచి వచ్చారు.

రోజూ ఆ వేళకి లేచి, నేరుగా పసుపు తలుపు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు నడవాలో ఆగిపోయారు. తెల్ల తలుపుల వంక ఒకదాని తర్వాత ఒకటి చూశారు. ఒకటి తీశారు. స్టోర్‌రూం. మూసేశారు. వెనక్కి తిరిగి హాల్లోకి వచ్చారు. గడప దగ్గర నల్ల డోర్‌మ్యాట్ చూసి గోడ పట్టుకున్నారు. ఒక కాలు చాపి, లోతు చూస్తున్నట్టు గాల్లో ఆడించి, వెనక్కి తీసుకున్నారు. తలెత్తితే ఎదురుగా అద్దం.

"ఎవలామె?" అన్నారు భయంగా. "మా ఇంట్ల ఏం జేస్తున్నది?"

ఉప్పలయ్య గారు లేచి నిలబడ్డారు. ఆండాలమ్మ గారు ఆయన వైపు తిరిగి, చెంగు సర్దుకుని, కొత్తవాళ్లతో మాట్లాడే మర్యాదతో అడిగారు.

"అయ్యా, మీరెవలో గని, జర మా ఆయనను పిలుస్తరా? నాకు బాత్రూంకు పోవాలె. యాడున్నదో తెలుస్తలేదు."

తల్లి తర్వాత తల్లిలా పెంచిన అక్క ఆ మాట అనేసరికి ఉప్పలయ్య గారు తెల్ల తలుపుల వంక తిరిగి చూశారు. నేను పరుగెత్తుకెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె కింద నేలకేసి చూసుకున్నారు. మొహంలో సిగ్గు కమ్ముకొస్తోంది.

అంతలో ఉప్పలయ్య గారు వంటింట్లోకి ఉరికి, నీళ్ల బిందె పట్టుకొచ్చి, నడవాలో బోర్లించేశారు. సగం తన ప్యాంటు మీదే పోసుకున్నారు.

"అయ్యో, నేను ఉప్పలయ్యనక్కా! నీ తమ్మున్ని! బిందె జారింది నా చేతిలకెల్లి! చూడు, నీ చీర గూడ తడిసిపాయె!"

ఆండాలమ్మ గారు ఆయన్నీ, నీళ్లనీ మార్చి మార్చి చూశారు. సిగ్గు పోయి నవ్వు వచ్చింది.

"ఉప్పలిగా, నువ్వా? చిన్నప్పట్నుంచి గింతే. ఒక్క పని సక్కగ చెయ్యవు" అన్నారు. నేను ఆమెను లోపలికి తీసుకెళ్లి చీర మార్పించాను.

బయటికి వచ్చేసరికి అద్దం గోడకి తిరగబడి ఉంది. డోర్‌మ్యాట్ గేటు అవతల ఉంది. ఉప్పలయ్య గారు తడి ప్యాంటుతో నేల మీద కూర్చుని, స్టోర్‌రూంలోని పసుపు డబ్బా తీసి బాత్రూం తలుపుకి పులుముతున్నారు. తెలుపు ఇంకా ఆరలేదేమో, రెండూ కలిసి తలుపు మజ్జిగ పులుసు రంగుకి తిరిగింది. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే ఆ రంగే మొహానికీ అంటింది.

"నేను తులసీరాంను. నీ పెనిమిటిని. సూర్యాపేట నుంచి వచ్చిన" అని గేటు దగ్గర కేక వినిపించింది.

లోపల నుంచి ఉప్పలయ్య గారు అంతకంటే గట్టిగా అరిచారు. "నేను ఉప్పలయ్యను. నీ బామ్మర్దిని. తలుపుకు రంగేస్తున్న."

తులసీరాం గారు ఇల్లంతా ఒకసారి చూసి, సంచీ పక్కన పెట్టి కూర్చున్నారు. సంచీలో ఉన్నవి మందులు. వాస్తు పని అంటే దవాఖాన.

"ఎప్పట్నుంచి బావా?"

"రెండేండ్లయితది. మతిమరుపు జబ్బు. డెమెన్షియా అంటున్రు. తగ్గేది కాదట. ఇంటిని ఆమెకు సులువుగ పెడితే మాత్రం ఆమె పని ఆమె చేసుకుంటది అన్నడు డాక్టరు. రంగులు, వెల్తురు గట్ల. సగం ఆయన చెప్పిండు. సగం మీ అక్క వెనక తిరిగి నేనే చూసిన. నల్లదాన్ని చూసి గుంతనుకుంటది. అద్దంల తన మొఖం చూసి ఎవలో వచ్చిన్రని బెదురుతది."

"నాకు చెప్పొద్దా? ఈ వాస్తు నాటకం ఎందుకు?"

"మీ అక్క ఎసుంటి మనిషో నీకు తెల్వదా? నీకు బాగలేదు, అందుకే తలుపుకు రంగేస్తున్న అంటే ఊకుంటదా? నాకేమైందని బ్రష్షు ఇసిరికొడుతది. వాస్తు అంటే ఏం అనలే. ఊరోళ్లు గూడ గంతే. జబ్బు అంటే వంద ప్రశ్నలడుగుతరు, వాస్తు అని గోడ కూలగొట్టినా ఒక్కడు అడుగడు." ఆయన గొంతు తగ్గించి అన్నారు. "ఇంటికి వచ్చినోళ్లంత పిచ్చి తులసీరాంనే చూస్తరు. నవ్వుతరు, పోతరు. ఆమె దిక్కు ఎవ్వలు చూడరు. అయ్యో పాపం అని ఆమె ముందట ఎవ్వలు అనరు. నన్ను పిచ్చోడంటే నాకేం ఖర్చు?"

నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది, ఎందుకంటే ఆ సమయంలో మజ్జిగ పులుసు మొహం వేసుకుని ఉప్పలయ్య గారు బావను కావలించుకుని, ఆయన తెల్ల చొక్కాకి కూడా ఆ రంగు పూసేశారు.

ఆ తర్వాత సందులో మెల్లగా అందరికీ తెలిసింది. తెలియనట్టు ఉండటం కూడా అందరికీ వచ్చేసింది. ఉప్పలయ్య గారు ఇప్పుడు సందు మలుపులోనే మొదలుపెడతారు. "నేను ఉప్పలయ్యను! నీ తమ్మున్ని!" అని ఆయన అరిస్తే పక్క సందులో వాళ్లు కూడా ఆయన అక్కలైపోతారు. అక్క వచ్చి నాలుగు రోజులుండాలని మిర్యాలగూడలో తన బాత్రూం తలుపుకీ పసుపు వేయించారు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "సంతోషీ, మా ఆయనకు గూడ వాస్తు పిచ్చి పట్టింది, ఏం చెయ్యాలె?" అని పరేషాన్ అయ్యారు. ఒకసారి వచ్చి చూడమన్నాను.

ఈ మధ్య తులసీరాం గారు ఇంకో శాస్త్రం కనిపెట్టారు. మూసేసిన టైలర్ దుకాణంలోని ఆండాలమ్మ గారి పాత కుట్టుమిషన్ తెచ్చి వరండాలో వెల్తురు పడేచోట పెట్టారు. వాయవ్యంలో చక్రం రోజూ తిరగాలట. తిరగాలంటే గుడ్డలు కావాలి కదా. పై ఇంటివీ, పక్కింటివీ చిరిగిన దిండు గలేబులు అడిగి తెస్తుంటారు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నేను ఎవరికీ చెప్పనన్నాను. అయినా రాస్తున్నాను, తులసీరాం గారు చదివే అక్షరాలు రంగు డబ్బాల మీదివే కాబట్టి భయం లేదు.

మొన్న సాయంత్రం ఆయన కొట్టుకు వెళ్లారు. ఆండాలమ్మ గారు గలేబు కుడుతున్నారు. సూది కింద ఆమె వేళ్లు తడుముకోకుండా నడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఉన్నట్టుండి మిషన్ ఆపి, గలేబు నాకు చూపించారు.

"ఇది ఎవల కుట్టు సంతోషీ?"

"మీదే కదా ఆంటీ, ఇప్పుడే కుట్టిన్రు."

"ఇప్పటిది కాదు. ఇగో, ఈ అంచుకు, పాత దారం ముక్కలు. ఇది గూడ నాదే. నా కుట్టు నాకు తెల్వదా? మీ అంకుల్ ఇప్పుతడు, నేను కుడుత. మళ్ల ఇప్పుతడు, మళ్ల కుడుత." ఆమె నవ్వారు. దుకాణం నడిపిన రోజుల్లో ఎలా నవ్వేవారో అప్పుడు నాకు తెలిసింది. "ఆయనకు వాస్తు లేదు, గీస్తు లేదు బిడ్డా. మా పెండ్లి మంచి ముహూర్తం లేకుంటే ఏమైతదని వాళ్ల నాయినతోని కొట్లాడి రిజిస్టరాఫీసుల చేసుకున్న మనిషి. నాకేమో అయితున్నది, నాకు తెలుస్తనే ఉన్నది. అందుకే ఈ ఏషాలన్ని ఏస్తున్నడు. నేను నమ్మినట్టే ఉంటున్న. లేకుంటే పాపం, మనసు నొచ్చుకుంటడు."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"ఆయనకు చెప్పకు" అన్నారు ఆమె, మిషన్ చక్రం మీద చెయ్యి వేసి. "చెప్పొద్దన్న సంగతి నేను మర్చిపోతనేమో, నువ్వు యాదికుంచుకో."

గేటు చప్పుడైంది. తులసీరాం గారు పేరూ వరసా చెప్పుకుని, రెండు బల్బులు పట్టుకుని లోపలికి వచ్చి, నడవాలో ఇవి పొద్దుగూకక ముందే వెలగాలని, లేకుంటే ఇంటికి మంచిది కాదని అన్నారు.

ఆండాలమ్మ గారు ఎంతో శ్రద్ధగా విన్నారు.

"అట్లనా? శాస్త్రంల ఉన్నదా?"

"ఉన్నది ఆండాలూ."

"అయితే పెట్టు మరి" అని ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టారు.